నీటిలో నిలబడే అడవులు

మంచి వానలు కురిసి చెరువు నిండిన ఏడాది మా చంద్రశేఖరపురం వైపు వస్తే ఒక వింత చూడవచ్చు. చెరువు లోపలి తుమ్మచెట్లు మొలలోతు నీటిలో వారాల తరబడి నిలిచి ఉంటాయి. అయినా చావవు. అదే వానకు కందిచేలో నాలుగు రోజులు నీరు నిలిస్తే మొక్కలు పసుపుబారి వాడిపోతాయి. నీరు ఎక్కువైతే మొక్క ఎందుకు వాడాలి?

వేర్లకు కావలసింది నీరొక్కటే కాదు. అవి శ్వాసిస్తాయి కూడా. మట్టి రేణువుల మధ్య ఖాళీలలో ఉన్న గాలి నుండి ఆక్సిజన్ తీసుకుంటాయి. నీరు నిలిస్తే ఆ ఖాళీలు నిండిపోతాయి. ఆక్సిజన్ గాలిలో కంటే నీటిలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. ఊపిరాడని వేరు నీటిని సరిగా పీల్చలేదు. అందుకే చుట్టూ నీరున్నా మొక్క దాహంతో వాడిపోతుంది!

ఈ చిక్కును జయించిన చెట్ల సముదాయాలే మంచినీటి చిత్తడి అడవులు. కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవులు వీటికి భిన్నమైనవి. అక్కడికి సముద్రపు పోటుతో ఉప్పునీరు వస్తుంది. చిత్తడి అడవులలో నిలిచేది నదుల, వాగుల మంచినీరే.

ఎక్కడ ఉన్నాయి?

మనకు దగ్గరలో చూడాలంటే పడమటి కనుమలకు వెళ్లాలి. కేరళలోని కుళత్తూపుళ ప్రాంతంలో, కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో కొండవాగుల వెంట జాజికాయ కుటుంబపు చెట్లు బురదనీటిలో పెరుగుతాయి. కొన్నింటికి మోకాళ్లలా వంగి పైకి లేచే శ్వాస వేర్లుంటాయి. మరికొన్నింటికి కాండం నుండి దిగే ఊతవేర్లుంటాయి. వేర్లపై ఉండే సన్నని రంధ్రాల గుండా గాలి లోపలికి పోతుంది. ఈ అడవుల సంగతి 1960లో శాస్త్రలోకానికి తెలిసింది.

బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ దగ్గర రాతార్‌గుల్ అడవి ఉంది. వానకాలంలో అక్కడ 20 నుండి 30 అడుగుల నీరు నిలుస్తుంది. అందులో ఎక్కువగా ఉన్న చెట్టు ఏదో తెలుసా? మనం నీడకు, పచ్చిరొట్టకు పెంచుకునే కానుగే!

అమెజాన్ వరద అడవులలో చేపలు చెట్ల మధ్య ఈదుతూ, రాలిన పళ్లు తిని గింజలను దూరాలకు మోసుకుపోతాయి. ఆఫ్రికాలోని కాంగో చిత్తడి అడవులలో ఆక్సిజన్ చాలక రాలిన ఆకులు పూర్తిగా కుళ్లవు. అవి పొరలు పొరలుగా పేరుకుంటాయి. అలా నేలలో దాగిన కార్బన్ సుమారు 3,000 కోట్ల టన్నులని 2017లో లెక్కగట్టారు. ఆ నీటిని తీసివేస్తే నేలకు గాలి తగిలి, ఆ కార్బన్ బొగ్గుపులుసు వాయువుగా ఆకాశానికి చేరుతుంది.

పనికిరాని బురదా?

పడమటి కనుమలలో ఈ బురదనేలలను వరిమళ్లుగా, వక్కతోటలుగా మార్చారు. నేడు మిగిలినవి చిన్న చిన్న ముక్కలే. నిజానికి ఈ అడవులు వాననీటిని పట్టి ఉంచి వాగులోకి మెల్లగా వదులుతాయి. వేసవిలో బిందె నీటి విలువ తెలిసిన మనకు ఇది వేరే చెప్పాలా?

చేసి చూడండి

మూడు డబ్బాలలో ఒకే మట్టి నింపండి. ఒకదానికి మాత్రం అడుగున చిల్లులు పెట్టండి. చిల్లులున్న డబ్బాలోను, లేనివాటిలో ఒకదానిలోను కంది వేయండి. మూడవదానిలో వరినారు నాటండి. కంది మొక్కలు జానెడు ఎదిగాక, చిల్లులు లేని రెండు డబ్బాలలో రెండు వేళ్ల ఎత్తున నీరు నిలపండి. వారం తర్వాత మొక్కలను పీకి వేర్ల రంగును పోల్చండి. వరి వేరుకు గాలి ఏ దారిన అందుతోంది? దాని కాండాన్ని అడ్డంగా కోసి భూతద్దంతో చూస్తే సమాధానం మీకే దొరుకుతుంది.