ఇండ్లు మారుటయు మొదటి గృహఋణమును

విద్యార్థులారా! బ్రిటనుదేశమున ఇల్లు కొనగోరువారు ఆ యింటినే తనఖాపెట్టి బ్యాంకునుండి ఋణము పొందుదురు. ఉద్యోగములకై అచ్చటికేగిన మనవారు తరచుగా అద్దెయిండ్లు మారుచుందురు. ఇది ఋణమునకు అడ్డమగునా?

బ్యాంకువారు సాధారణముగా గడచిన 3 సంవత్సరముల చిరునామాలనన్నిటిని అడుగుదురు. ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ అను సంస్థల యొద్దనున్న పరపతి లెక్కలతో వానిని సరిపోల్చుదురు. ఇండ్లు మారుట దోషము కాదు. లెక్కలు పొసగకపోవుటయే చిక్కు. దరఖాస్తులో ఒక చిరునామాయు, బ్యాంకు కాగితములలో వేఱొకటియు నున్నచో మనిషి యెవరో తేల్చుటకే కాలము పట్టును. పాత యింటికి పోయిన బిల్లు చెల్లక బాకీగా నమోదైనయెడల, ఆ మచ్చ 6 సంవత్సరములు నిలుచును.

ఇందుకు చేయవలసిన పనులు నాలుగు:

1. ఇల్లు మారిన వెంటనే బ్యాంకునకును, బిల్లులు పంపువారికిని తెలుపవలెను.

2. వోటర్ల జాబితాలో పేరు చేర్చుకొనవలెను. భారతదేశము కామన్వెల్తులోనిది గావున, అచ్చట చట్టప్రకారము నివసించు మన పౌరులకును ఈ హక్కు కలదు.

3. ఏ యింట ఏ తేదీవఱకు నుండిరో వ్రాసి యుంచుకొనవలెను.

4. దరఖాస్తునకు ముందే తమ పరపతి లెక్కను ఉచితముగా తెప్పించుకొని, తప్పులున్నచో దిద్దించుకొనవలెను.

మీ యన్నలుగాని అక్కలుగాని ఆ దేశమున నున్నచో, ఈ సంగతి వారికి నేడే తెలియజేయుడు.