బైకార్బొనేటు : వంటయింట, పొలమున, దేహమున

రసాయన శాస్త్రమనగానే మనలో పలువురకు ప్రయోగశాలయందలి గాజుగొట్టములును, ఘాటైన ఆమ్లములును స్ఫురించును. కాని ఆ శాస్త్రమునకు చెందిన ఒక ముఖ్య పదార్థము ప్రతి గృహమునందును పోపులపెట్టె ప్రక్కనే ఉన్నది. దానిని తెలుగువారు వంటసోడా, తినేసోడా, సోడాఉప్పు అందురు. ఉర్దూ మాట్లాడు ఇండ్లలో అదియే 'మీఠా సోడా', లేక 'ఖానే కా సోడా'. పేరులో తీపి ఉన్నను రుచిలో లేదు. శాస్త్రజ్ఞులు దానిని సోడియం బైకార్బొనేటు అందురు.

'బైకార్బొనేటు' అను పేరును 1814లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు విలియం హైడ్ వొలాస్టన్ ప్రవేశపెట్టెను. ఒకే పరిమాణము గల సోడియమునకు బట్టలసోడాలో కంటె దీనియందు కార్బొనేటు రెండింతలు ఉండుటచే ఆ పేరు కలిగినది. నేటి శాస్త్రీయ నామము హైడ్రొజన్ కార్బొనేటు. ఉప్పు, సున్నపురాయి, అమ్మోనియాల సహాయమున బట్టలసోడాను తయారుచేయు పద్ధతిని బెల్జియం దేశీయుడైన ఎర్నెస్ట్ సాల్వే 1861లో కనుగొనెను. ఆ పద్ధతిలో మొదట ఏర్పడునది బైకార్బొనేటే. మన దేశమున గుజరాత్ రాష్ట్రమందలి మిఠాపూర్‌లో 1939లో స్థాపితమైన టాటా కెమికల్స్ సంస్థ సోడా పరిశ్రమలో ప్రసిద్ధి గాంచినది.

వంటయింట

బజ్జీల పిండిలోను, మైసూరు బోండాల పిండిలోను, నాన్ రొట్టె పిండిలోను చిటికెడు సోడా వేయుదురు. అందుండి వెలువడు బొగ్గుపులుసు వాయువు పిండిలో చిన్న చిన్న బుడగలుగా నిలిచి దానిని గుల్లపరచును. ఈ వాయువు రెండు విధములుగా పుట్టును. కేవలము వేడి తగిలినపుడు 168 గ్రాముల సోడానుండి 44 గ్రాముల వాయువు వచ్చి, బట్టలసోడా మిగిలిపోవును. పెరుగు, నిమ్మరసము వంటి పులుపు కలిసినపుడు 84 గ్రాముల నుండియే 44 గ్రాముల వాయువు వచ్చును. అనగా పులుపు తోడైనచో సగము సోడాతోనే అంత పని జరుగును. బట్టలసోడా మిగిలి రుచిని చెరుపదు. బోండాల పిండిని పుల్లని పెరుగుతో కలుపు మన గృహిణులు ఈ లెక్కను ఏ పుస్తకమునందును చదువకయే ఆచరించుచున్నారు.

బోరునీటిలో కందిపప్పు ఉడకదని మన ప్రాంతమున తరచుగా వినవచ్చు మాట. ఆ నీటియందలి కాల్షియం, మెగ్నీషియం పప్పుగింజలలోని పెక్టిన్ అను పదార్థమును పట్టి గట్టిపరచును. సోడా వేసినచో పప్పు త్వరగా మెత్తబడును. అయితే క్షారము వలన పప్పులోని బి-1 విటమిను నశించును. కావున పప్పును ముందుగా నానబెట్టుటయే మేలు. సోడా వేయుట తప్పనిసరియైనచో చిటికెడు మించరాదు.

నేలలోను, నీటిలోను

వాననీరు గాలినుండియు, నేలనుండియు బొగ్గుపులుసు వాయువును గ్రహించి స్వల్పముగా ఆమ్లమగును. అది సున్నపురాతిపై పారినపుడు నీట కరగని కాల్షియం కార్బొనేటు కరగునట్టి కాల్షియం బైకార్బొనేటుగా మారును. రాయలసీమలో దీనికి గొప్ప నిదర్శనము నంద్యాల జిల్లాయందలి బెలుం గుహలు. మూడు కిలోమీటర్లకు పైబడిన ఆ గుహలను తొలిచినది ఈ నీరే. వాయువు తిరిగి వెడలిపోయినపుడు రాయి మరల పేరుకొనును. గుహల పైకప్పునుండి వ్రేలాడు రాతి ఊడలు అట్లు ఏర్పడినవే.

ఇదే చర్య మన ఇంటి కాగులోను జరుగుచున్నది. నీరు కాగినపుడు కరగియున్న బైకార్బొనేటు విడిపోయి, తెల్లని పొరగా అడుగున పేరుకొనును. దీనినే తాత్కాలిక కాఠిన్యము అందురు. ఆ పొర వేడిని సరిగా పోనీయదు. కట్టెయైనను, గ్యాసైనను వృథాయగును. చింతపండు పులుసుతోనో, నిమ్మచెక్కతోనో రుద్దినచో ఆ పొర పొంగి కరగుట మనము చూడవచ్చును. పులుపు కార్బొనేటును విడగొట్టి, వాయువును బయటకు పంపుటయే ఆ పొంగునకు కారణము.

పొలమున

చిత్తూరు, తిరుపతి ప్రాంతముల మెట్టరైతునకు వేరుసెనగ ప్రాణము వంటిది. సున్నము అధికముగా గల నేలలలో లేత ఆకులు ఈనెలు పచ్చగా నుండగా మిగిలిన భాగము పసుపుపచ్చబారి, ముదిరినపుడు తెల్లబడును. ఎరువు చాలలేదని తలచి యూరియా చల్లిన రైతునకు డబ్బు వృథాయగునే గాని తెగులు తీరదు. నేలలో ఇనుము లేకపోలేదు. బైకార్బొనేటు నేలను క్షారగుణమున నిలిపి, ఇనుమును కరగనీయక, వేళ్ళకు అందనీయకున్నది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేదియు, 1 గ్రాము నిమ్మఉప్పును కలిపి ఆకులపై చల్లుట దీనికి వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పు చికిత్స. నేల దారి మూసినపుడు ఆకు దారిన ఇనుమును అందించుటయే ఇందలి కిటుకు.

సాగునీటియందు బైకార్బొనేటు అధికమైనచో మరొక కీడు కలుగును. అది కాల్షియమును సున్నముగా పేరుకొనజేయును. నేలలో సోడియము మిగిలి, మట్టి బిగిసి, చౌడుబారును. కార్బొనేటు, బైకార్బొనేటుల మొత్తమునుండి కాల్షియం, మెగ్నీషియంల మొత్తమును తీసివేయగా లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లకు మించి మిగిలిన నీరు సేద్యమునకు తగదని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. కావున క్రొత్తగా బోరు వేయించిన రైతు నీటిని పరీక్ష చేయించుట మంచిది. చౌడుబారిన నేలకు జిప్సము మందు.

పాలలో మోసము

పాడిపశువులు మన జిల్లాలకు పెద్ద ఆధారము. ఎండకాలమున పాలు విరిగిపోకుండ కొందరు అందులో సోడా కలుపుదురు. పాలు పులియుటకు సూక్ష్మజీవులు పుట్టించు లాక్టిక్ ఆమ్లము కారణము. సోడా ఆ పులుపును కప్పిపుచ్చునే గాని ఆ జీవులను చంపదు. చెడిపోవుచున్న పాలు మంచిపాలవలె కనిపించి పసిబిడ్డ గిన్నెలోనికి చేరును. ఇది చట్టము నిషేధించిన కల్తీ. దీనిని మన ప్రయోగశాలలోనే పట్టవచ్చును: 5 మిల్లీలీటర్ల పాలకు అంతే ఆల్కహాలు చేర్చి, కొన్ని చుక్కల రోసాలిక్ ఆమ్ల ద్రావణము వేసినచో, సోడా కలిసిన పాలు గులాబి ఎరుపుగా మారును.

దేహమున

ఆరోగ్యవంతుని రక్తపు పి.హెచ్. 7.35, 7.45ల మధ్య నిలుచును. ఈ స్వల్ప హద్దును కాపాడువానిలో ముఖ్యమైనది బైకార్బొనేటు. కరగియున్న బొగ్గుపులుసు వాయువునకు ఇది ఇరువది రెట్లుండవలెను. ఊపిరితిత్తులు వాయువును, మూత్రపిండములు బైకార్బొనేటును సరిచూచుచుండును. కణజాలములలో పుట్టు బొగ్గుపులుసు వాయువులో సుమారు నూటికి 70 వంతులు బైకార్బొనేటు రూపముననే ఊపిరితిత్తులకు చేరును.

అతిసారము వచ్చినపుడు నీటితోపాటు బైకార్బొనేటు కూడ దేహమును వీడిపోవును. రక్తము ఆమ్లమువైపు మొగ్గును. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున పశ్చిమ బెంగాలులోని బన్‌గావ్ శరణార్థి శిబిరమున కలరా ప్రబలి, సిరలకెక్కించు ద్రవము కరవైనది. అపుడు డాక్టర్ దిలీప్ మహలనబీస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడాలను నీటిలో కలిపి రోగులచే త్రాగించెను. సుమారు నూటికి 30గా నున్న మరణములు నాలుగింటికంటె తక్కువకు దిగినవి. ఆయన 2022లో మరణించిన పిదప, 2023లో ప్రభుత్వము పద్మవిభూషణ్ ప్రకటించి గౌరవించెను. నేటి ఓ.ఆర్.ఎస్. పొట్లములలో సోడాకు బదులు సిట్రేటు ఉన్నది. అది నిలువకు తట్టుకొనును, దేహమున బైకార్బొనేటుగానే మారును.

కడుపుమంటకు మాత్రము సోడా నీరు నిత్యము త్రాగువారు జాగ్రత్తపడవలెను. 5 గ్రాముల సోడాలో సుమారు 1.37 గ్రాముల సోడియము కలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజుకు సూచించిన హద్దు 2 గ్రాములకు లోపే. రక్తపుపోటు, మూత్రపిండ వ్యాధి గలవారికి ఇది హానికరము. తరచు మంట కలుగుచున్నచో వైద్యుని చూపించుకొనవలెను.

ఒకే పదార్థము రొట్టెను పొంగించుచున్నది, గుహను తొలుచుచున్నది, పైరును పసుపుపచ్చ చేయుచున్నది, ప్రాణమును నిలుపుచున్నది. గుణదోషములు దాని పరిమాణమునందును, దానిని వాడువాని తెలివియందును ఉన్నవి. విద్యార్థినీ విద్యార్థులు సెలవులకు ఇంటికేగినపుడు తమ బోరునీటి పరీక్షాపత్రమును చదివి తండ్రికి తెలుపగలిగినను, అతిసారము వచ్చిన బిడ్డకు ఓ.ఆర్.ఎస్. సరియైన పాళ్ళలో కలిపి త్రాగించగలిగినను, వారు చదివిన రసాయన శాస్త్రము సార్థకమైనట్లే.