కీమో తర్వాత జ్వరమొస్తే తెల్లారేదాకా ఆగొద్దు

డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ (పాత పేరు ఆరోగ్యశ్రీ) కింద బ్లడ్ క్యాన్సర్‌కు కీమో చేయించుకుని రాయదుర్గం తిరిగొచ్చారా? ఇంట్లో థర్మామీటర్ ఉంచుకోండి. కీమో తర్వాత కొన్నాళ్లు తెల్లకణాలు బాగా తగ్గిపోతాయి. అప్పుడు 100.4 డిగ్రీల జ్వరం కూడా గంటల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. దగ్గు, చీము ఏమీ కనబడకపోవచ్చు.

మాత్ర వేసి చూద్దాంలే అనుకోవద్దు. జ్వరం దిగినా లోపల ఇన్ఫెక్షన్ అలాగే ఉంటుంది. ఊళ్లో సూది కూడా వేయించుకోవద్దు. ప్లేట్‌లెట్లు తక్కువుంటే రక్తం ఆగదు. అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేసి, ‘కీమో పేషెంటు, జ్వరం’ అని ముందే చెప్పండి.

అనంతపురం దగ్గరేం కాదు కదా! ఆధార్, రేషన్ కార్డు, చివరి డిశ్చార్జి కాగితం ఒకే కవర్లో పెట్టి తలుపు పక్కన తగిలించండి. నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రకు అవి చూపించాలి. కార్డు దొరకలేదని మాత్రం ప్రయాణం ఆపొద్దు. ఇంట్లోవాళ్లు వెతికి తర్వాత తెస్తారు.