ద్రవిడ్ స్థానంలో ఎవరు?



2025 మే 7న రోహిత్ శర్మ, 12న విరాట్ కోహ్లీ టెస్టు క్రికెట్‌కు వీడ్కోలు చెప్పారు. "ఇక మన టీమ్ గెలుస్తుందా?" అని మీ పిల్లలు మిమ్మల్నీ అడిగే ఉంటారు.

ఇలాంటి రోజు ఇంతకుముందూ వచ్చింది. టెస్టుల్లో నంబర్ వన్‌గా ఉన్న మన జట్టు 2011లో ఇంగ్లండ్‌లో 4-0తో, ఆ తర్వాత ఆస్ట్రేలియాలోనూ 4-0తో ఓడింది. 2012 మార్చిలో రాహుల్ ద్రవిడ్, ఆగస్టు 18న మన హైదరాబాద్ వి.వి.ఎస్. లక్ష్మణ్ తప్పుకున్నారు. లక్ష్మణ్ అప్పటికే న్యూజిలాండ్ సిరీస్‌కు ఎంపికయ్యారు. అయిదు రోజులు ఆగితే సొంత ఊళ్లో, ఉప్పల్‌లో ఆడి వీడ్కోలు తీసుకోవచ్చు. ఆగలేదు.

ఆ ఉప్పల్ టెస్టులో ద్రవిడ్ ఆడే మూడో స్థానంలో దిగిన చతేశ్వర్ పుజారా 159 పరుగులు చేశాడు. మనం ఇన్నింగ్స్ తేడాతో గెలిచాం.

అయితే పుజారా తయారైంది ఆ రోజు కాదు. 2010 అక్టోబర్‌లో ఆస్ట్రేలియాతో బెంగళూరు టెస్టు. గాయంతో లక్ష్మణ్ ఆడకపోవడంతో అతనికి తొలి అవకాశం వచ్చింది. మొదటి ఇన్నింగ్స్‌లో చేసింది 4 పరుగులే! రెండో ఇన్నింగ్స్‌లో లక్ష్యం 207. కెప్టెన్ ధోనీ అతణ్ణి ఏకంగా ద్రవిడ్ కంటే ముందు, మూడో స్థానంలో పంపాడు. 72 కొట్టాడు, గెలిచాం. అంత పెద్ద ఆటగాడు ద్రవిడ్ అయిదో స్థానంలో దిగి చివరిదాకా నిలబడ్డాడు. నాకైతే ఇందులో ద్రవిడ్ పాత్రే ఎక్కువ నచ్చుతుంది.

అలాగని తర్వాత అంతా సాఫీగా ఏమీ సాగలేదు. 2012 చివర్లోనే ఇంగ్లండ్ మన గడ్డ మీద 2-1తో సిరీస్ గెలుచుకుపోయింది.

మన స్కూల్ జట్టు సంగతీ ఇంతే. ఏటా టెన్త్ పరీక్షలవగానే కెప్టెన్, మంచి బౌలర్లు వెళ్లిపోతారు. ఆ స్థానాల్లోకి రావాల్సిన పిల్లల్ని తొమ్మిదో తరగతికి రాగానే "ఇక ఆటలు చాలు" అని కొందరు మాన్పిస్తున్నారు. మార్కుల గురించి మీ బెంగ మాకు తెలియనిది కాదు. గ్రౌండ్‌కు వెళ్లే ఆ ఒక్క పీరియడ్ మాత్రం మాన్పించకండి. ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లను అన్నలు, అక్కలు ఉండగానే పైస్థానాల్లో బ్యాటింగ్‌కు పంపమని మా పీఈటీ సార్లకు చెబుతున్నాం. మొదట్లో కొన్ని మ్యాచ్‌లు పోవచ్చు.

ఈ ఆదివారం భోజనాల దగ్గర పిల్లల్ని ఒక మాట అడగండి: నాలుగు పరుగులకే అవుటైన కుర్రాణ్ణి ధోనీ మళ్లీ ముందు ఎందుకు పంపాడు? జవాబు మీరు చెప్పకండి, వాళ్లనే చెప్పనివ్వండి.