నెహెమ్యా అడిగిన పత్రికలు

చదువవలసిన భాగములు: నెహెమ్యా 2:1-9, అపొ. కార్యములు 22:24-29

షూషను కోటలో రాజునకు ద్రాక్షారసపు గిన్నె అందించు నెహెమ్యా యెరూషలేమునకు పోవలెనని కోరిన దినమున రాజు అతనిని రెండు ప్రశ్నలు అడిగెను. నీకేమి కావలెనని మొదట అడిగెను. ఎంతకాలము పట్టును, ఎప్పుడు తిరిగి వత్తువని తరువాత అడిగెను. నెహెమ్యా తన పని యేమో దాచలేదు. కాలము కూడ నిర్ణయించి చెప్పెను. అటుపిమ్మట నది అవతలి అధికారులు తన్ను యూదా దేశము చేరువరకు పోనిచ్చునట్లు వారి పేర పత్రికలు ఇప్పించుమని వేడుకొనెను. ప్రార్థన చేసి బయలుదేరిన భక్తుడు కాగితములు లేకుండ బయలుదేరలేదు.

ఇది క్రీ.పూ. 445 ప్రాంతపు మాట. నేడు విమానాశ్రయములో గాజుపలక వెనుక కూర్చుండు అధికారి అడుగు ప్రశ్నలు కూడ ఇవే: నీవెవడవు? ఏ పనికి వచ్చితివి? ఎన్ని దినములుందువు? మొదటి ప్రశ్నకు పాస్‌పోర్టు, రెండవదానికి వీసా, మూడవదానికి ప్రవేశముద్ర జవాబు చెప్పును.

ఇవి పట్టణపువారి సంగతులు, మనకెందుకని అనుకొనవద్దు. హైదరాబాదులో తార్నాక కూడలి దగ్గర కొంచెము సేపు నిలిచి చూడుడి. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము అక్కడికి చేరువనే యున్నది. 1958లో ఆరంభమైన ఆంగ్లభాషా విద్యాసంస్థ, నేటి ఇఫ్లూ, ఆ ప్రక్కనే యున్నది. చదువుకొరకు పరదేశములనుండి అక్కడికి వచ్చినవారు ఒక త్రోవను నడచుచుందురు. గ్రామములనుండి వచ్చి, ఒక్కొక్క గదిలో నలుగురేసి సర్దుకొని, సముద్రము దాటిపోవుటకు సిద్ధపడు మన పిల్లలు మరియొక త్రోవను నడచుచుందురు. వచ్చువారికైనను పోవువారికైనను ఈ మూడు ప్రశ్నలు తప్పవు.

మొదటిది, పాస్‌పోర్టు. నీవెవరవో, ఏ దేశము నీ వెనుక నిలిచియున్నదో అది చెప్పును. పౌలును కొరడాలతో కొట్టుటకు కట్టినప్పుడు, తాను రోమీయుడనని అతడు చెప్పగా సహస్రాధిపతి భయపడెను. పౌరసత్వము అంత బలమైనది. మన దేశములో 1967 నాటి చట్టము ప్రకారము పాస్‌పోర్టు భారత ప్రభుత్వపు సొత్తు. యజమాని దానిని తాకట్టు వస్తువువలె తన పెట్టెలో దాచుకొనుటకు అతనికి హక్కు లేదు. అట్టి కష్టము వచ్చినప్పుడు ఆ దేశములోని భారత రాయబార కార్యాలయమునకు పోయి చెప్పుకొనవలెను. పాస్‌పోర్టు పుటల నకలు ఒకటి ఇంటియొద్ద ఉంచుట మంచిది. అనేక దేశములు దానికి ఇంకను ఆరు నెలల గడువు ఉండవలెనని కోరును గనుక ఆ తేదీని టిక్కెట్టు కొనకముందే చూచుకొనవలెను.

రెండవది, వీసా. ఇక్కడనే మనవారు ఎక్కువగా పొరబడుచున్నారు. వీసా దొరికినది గనుక దేశమే దొరికినదని తలంతురు. అది గుమ్మమువరకు వచ్చి లోనికి రానిమ్మని అడుగుటకు అనుమతి మాత్రమే. లోనికి రానిచ్చుట, మానుట గుమ్మమునొద్దనున్న అధికారి చేతిలో నుండును. మరియు వీసా ఒక పనికొరకు ఇయ్యబడును. చదువు వీసా చదువుకే, చుట్టపుచూపు వీసా చుట్టపుచూపుకే.

మూడవది, ప్రవేశముద్ర. ఎన్ని దినములుండవచ్చునో సాధారణముగా అక్కడ తెలియును. వీసామీది చివరి తేదీ వేరు, ఉండుటకిచ్చిన గడువు వేరు. అమెరికాలో విద్యార్థి వీసా తేదీ దాటినను, నియమముల ప్రకారము చదువుచున్నవాడు ఉండవచ్చును. వీసాలో ఇంకను ఏండ్లు మిగిలియున్నను, చదువు మానినవాడు ఉండరాదు. యూరపులోని అనేక దేశములు 2025 అక్టోబరు 12 నుండి ముద్రకు బదులుగా వేలిముద్రలను, ముఖచిత్రమును యంత్రములో నమోదు చేయ నారంభించినవి. ముద్ర కనబడకపోయినను లెక్క నడచుచునే యుండును.

మన దేశమునకు వచ్చువారికిని ఇట్టి నియమములే కలవు. 180 దినములకు మించిన చదువు వీసాపై ఉస్మానియాకు వచ్చిన విద్యార్థి వచ్చిన 14 దినములలోగా విదేశీయుల నమోదు అధికారి యొద్ద పేరు వ్రాయించుకొనవలెను. తార్నాకలో అతనికి గది అద్దెకిచ్చిన ఇంటివారు 24 గంటలలోగా ఆ సంగతి అధికారులకు తెలియజేయవలెను. 1946 నాటి విదేశీయుల చట్టము పోయి, 2025 సెప్టెంబరు 1 నుండి క్రొత్త చట్టము వచ్చినను, ఆశ్రయమిచ్చువారి బాధ్యత పోలేదు. అతిథి సత్యము చెప్పవలెను, ఆతిథ్యమిచ్చినవాడును చెప్పవలెను.

ఈ నియమములు మరచినందున మన తెలుగు కుటుంబములు పడిన దుఃఖము చూడుడి. 2011 జనవరిలో అమెరికాలోని కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయముపై అధికారులు దాడి చేసిరి. అందులోని విద్యార్థులలో ఎక్కువమంది మనవారే. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టిరి. ఆ సంస్థ స్థాపకురాలికి 2014లో 16 ఏండ్లకు పైగా చెరసాల శిక్ష పడెను. ఇంత జరిగినను మనము నేర్చుకొనలేదు. 2019 జనవరి నెలాఖరున మిచిగన్ రాష్ట్రములో ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయము పేరు మీద 129 మంది భారతీయ విద్యార్థులు నిర్బంధింపబడిరి. వారిలో తెలుగువారు అనేకులు. అది అధికారులే పన్నిన వల. అక్కడ ఉపాధ్యాయులు లేరు, తరగతులు లేవు. అట్లు వల పన్నుట న్యాయమా అని అనేకులు అడిగిరి. ఆ ప్రశ్న తగినదే. కాని పాఠములే లేని బడికి రుసుము కట్టుచు ఉద్యోగము చేసికొనుచున్నవాడు తన మనస్సును కూడ ఒక ప్రశ్న అడుగవలసి యుండెను: నా వీసా చెప్పునది ఒకటి, నేను చేయునది మరియొకటి కాదా?

ఆ పిల్లలను మాత్రమే నిందింపరాదు. పొలము కుదువబెట్టి పంపిన తండ్రి ఆ బడి యెట్టిదని విచారించెనా? అప్పు ఎప్పుడు తీరునని మాత్రమే ఉత్తరము మీద ఉత్తరముగా అడిగెనా?

గల్ఫు దేశములకు పోవు మన సహోదరీ సహోదరుల సంగతియు ఇట్టిదే. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు ఆ దేశములకు పనికి పోవునప్పుడు, 1983 నాటి వలస చట్టము ప్రకారము ప్రవాసుల సంరక్షణాధికారి అనుమతి పొందవలెను. జీతము, పని, యజమాని పేరు ముందుగా తెలియుటకే ఈ కట్టుబాటు. ఏజెంటు దానిని తప్పించి చుట్టపుచూపు వీసాపై పంపినయెడల, అక్కడ ఆ మనిషికి జీతము అడుగు హక్కును నిలుపు కాగితమే యుండదు. 2018లో కువైటు, యు.ఏ.ఈ. ప్రభుత్వములు గడువు మీరినవారికి క్షమాభిక్ష ప్రకటించెను, యు.ఏ.ఈ. 2024లో మరల ప్రకటించెను. ఎంతమంది చిక్కుబడియుండిన ఇట్టి ప్రకటన అవసరమగునో ఆలోచింపుడి.

కాబట్టి చదువరులారా, మీ ఇంటినుండి ఒకరు బయలుదేరకముందు దీపము దగ్గర కూర్చుండి కాగితములన్నియు చదివించి వినుడి. చదువురానివారు చదివిన పిల్లలచేత గాని, పాస్టరుగారిచేత గాని చదివించుకొనుడి. ఏజెంటు చెప్పినది కాదు, కాగితములో వ్రాసినది వినుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. నెహెమ్యా రాజునకు తన పనిని, కాలమును ముందుగానే చెప్పుటవలన అతనికి కలిగిన మేలేమి?

2. మన సంఘమునుండి పరదేశము పోయినవారు ఎందరు? వారి పాస్‌పోర్టు, వీసా నకళ్లు ఇంటియొద్ద ఉన్నవా?

3. బిడ్డ పంపు సొమ్ము ఏ పనివలన వచ్చుచున్నదని మనము ఎన్నడైన అడిగితిమా?

రాజు ఇచ్చిన పత్రికలను నెహెమ్యా నది అవతలి అధికారుల చేతికిచ్చెను. అందులో వ్రాసినదియు, అతడు చేయబోవు పనియు ఒక్కటియే గనుక అతనికి దాచవలసినది ఏమియు లేకపోయెను. మన పిల్లలు కూడ అట్లే గుమ్మమునొద్ద నిలువగలుగుదురు గాక.