కీవ్ నగరపు ఆటగాండ్రు

వివిధ దేశముల జట్లు నాలుగేండ్లకొకసారి ఒకచోట చేరి ప్రపంచ ఫుట్‌బాల్ కప్పుకై పోటీపడుట 1930లో మొదలయ్యెను. ఆ వరుసలో 1942లో నాల్గవ పోటీ జరుగవలసియుండెను. కాని రెండవ ప్రపంచయుద్ధము దానిని ఆపివేసెను. 1938లో గెలిచిన ఇటలీ దేశమునందే ఆ కప్పు ఉండెను. సైనికులు దానిని దోచుకొందురేమోనని భయపడి, ఒట్టోరినో బరాస్సీ అను క్రీడాధికారి దానిని ఒక చెప్పుల పెట్టెలో ఉంచి తన మంచము క్రింద దాచెను.

కప్పు దాగెనే కాని ఆట ఆగలేదు. ఆ వేసవిలోనే ఉక్రెయిన్ ముఖ్యనగరమైన కీవ్‌లో ఒక చిన్న జట్టు బయలుదేరెను.

1941 సెప్టెంబరులో జర్మను సైన్యము కీవ్‌ను ఆక్రమించెను. నగరమున ఆకలి విలయతాండవము చేసెను. పేరుపొందిన ఆటగాండ్రకు సైతము పని లేదు, తిండి లేదు. అట్టివారిలో డైనమో జట్టు గోల్‌కీపరు త్రుసేవిచ్ ఒకడు. అతనికి ఒక రొట్టెల కర్మాగారములో కూలిపని దొరికెను. పాత మిత్రులు కొందరు అచ్చటనే చేరిరి. పగలెల్ల శ్రమించియు, అరకొర తిండితో వారు మరల బంతిని చేపట్టిరి. తమ జట్టునకు ‘స్టార్ట్’, అనగా ఆరంభము, అని పేరిడిరి.

వారు స్థానిక జట్లను, హంగేరీ, రుమేనియా సైనికుల జట్లను వరుసగా ఓడించిరి. ఆగస్టు 6వ తేదీన జర్మను విమానవిధ్వంసక దళపు జట్టును 5-1 గోలులతో గెలిచిరి. ఆ జట్టు మరల పోటీకి పిలిచెను. 9వ తేదీన జరిగిన ఆ ఆటలోను స్టార్ట్ జట్టే 5-3తో నెగ్గెను. తమను ఏలువారు తమవారిచేత ఓడుట నగరవాసులు కన్నులార చూచిరి.

ఆట ముగిసిన వెంటనే విజేతలను కాల్చివేసిరని యుద్ధానంతరము ఒక కథ వ్యాపించెను. అది నిజము కాదు. వారు వారము దినములకు మరియొక ఆట ఆడి, 8-0తో గెలిచిరి. పిమ్మట ఆగస్టు 18న వారిలో పలువురు నిర్బంధింపబడిరి. కొరోత్కిఖ్ అను ఆటగాడు చిత్రహింసలకు లోనై మరణించెను. త్రుసేవిచ్, కుజ్మెంకో, క్లిమెంకో అను మువ్వురు 1943 ఫిబ్రవరిలో సిరెత్స్ నిర్బంధశిబిరమున చంపబడిరి. కొందరు ప్రాణములతో బయటపడిరి. ఆ ఆటలో గెలుచుటయే ఈ మరణములకు కారణమనుటకు తగిన ఆధారములు చరిత్రకారులకు లభింపలేదు.

1971లో కీవ్‌లోని డైనమో క్రీడాస్థలమున వారికి స్మారకశిల్పము నెలకొల్పబడెను. కల్పితకథ తొలగినంతమాత్రమున వారి కీర్తి తరుగదు. ఆకలితో, భయముతో దినములు గడుపుచు, రేపటిని ఎరుగక, ఆడవలసిన ఆటను చక్కగా ఆడి గెలిచినవారు వారు. ఇంతటి సత్యమునకు వేరొక అలంకారము అక్కరలేదు.