అనాతోతు పొలము – పట్టణపు ఇల్లు

పాఠ్యభాగములు: యిర్మీయా 32:6-15, లేవీయకాండము 25:29-31



సూర్యాపేట, నకిరేకల్, చౌటుప్పల్ మీదుగా హైదరాబాదు పోవువారికి పట్టణపు గుమ్మము పెద్ద అంబర్‌పేట్ వద్ద కనబడును. ఔటర్ రింగు రోడ్డు విజయవాడ రోడ్డును కలియు చోటు అదియే. అటుతరువాత హయత్‌నగర్, వనస్థలిపురము, ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ వరుసగా వచ్చును. హయత్‌నగర్ పేరు గోల్కొండ నేలిన కుతుబ్‌షాహీల యింటి హయాత్ బక్షీ బేగము పేరున వచ్చినది గనుక ఈ దారి నిన్న మొన్నటిది కాదు. మన సంఘముల బిడ్డలెందరో ఈ దారి ప్రక్కనే గదులు అద్దెకు తీసికొని చదువుకొనిరి. ఇప్పుడు ఉద్యోగములలో నున్నారు. వారిలో ఒకడు ఊరికి ఫోను చేసి, "నాయినా, ఆ ఎకరం అమ్మితే ఈడ ఇల్లొస్తది" అని చెప్పిన రాత్రి ఆ యింట ఎవరికిని నిద్ర పట్టదు. ప్రార్థన చేయుదురు, అది మంచిదే. అయితే ప్రార్థన చేసితిమి గనుక కాగితములు చూచుట అవిశ్వాసమని తలంచువారు మనలో కొందరున్నారు. వారు యిర్మీయా గ్రంథము 32వ అధ్యాయమును నిదానముగా చదువవలెను.

బబులోను సేన యెరూషలేమును ముట్టడించి యుండెను. ప్రవక్త చెరసాల ఆవరణములో నుండెను. అట్టి సమయమున అతని పినతండ్రి కుమారుడగు హనమేలు వచ్చి, అనాతోతులోని తన పొలమును కొనుమని అడిగెను. అది దేవుని వలననైన మాటయని యిర్మీయా ముందే ఎరిగియుండెను. దేవుడే కొనుమన్నప్పుడు పత్రమెందుకు, సాక్షులెందుకు అని అతడు అనలేదు. పదియేడు తులముల వెండిని త్రాసులో తూచెను. క్రయపత్రము వ్రాసి ముద్రవేసెను. సాక్షులు చేవ్రాలు చేసిరి. పత్రములు రెండు: ఒకటి ముద్రింపబడినది, ఒకటి తెరచియున్నది. ఆవరణములో కూర్చున్న యూదులందరి యెదుట వాటిని బారూకు చేతికిచ్చి, బహుదినములు నిలుచునట్లు మట్టికుండలో ఉంచుమని చెప్పెను. అమ్మినవాడు పరాయివాడు కాడు, సొంత పినతండ్రి కుమారుడు! రక్తసంబంధి యొద్ద కొనునపుడే ఇంత జాగ్రత్త యున్నచో, ఆదివారము కరపత్రము పంచి కారులో ఎక్కించుకొని పోవు దళారి యొద్ద కొనునపుడు ఎంత యుండవలెను?

మన పల్లెలలో తెల్లకాగితము మీద వ్రాసికొను సాదా బైనామా అలవాటు బహుకాలముగా నున్నది. పట్టణపు అంచున దానినే నోటరీ ముద్రతో అలంకరించి అమ్ముదురు. నోటరీ ముద్ర వలన ఇల్లు మనది కాదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము ప్రకారము నూరు రూపాయలు మొదలుకొని ఎంత విలువగల స్థిరాస్తినైనను అమ్మినప్పుడు రిజిస్టరు చేసిన పత్రము కావలెను. తెలంగాణలో ఈ ఖర్చు 2021 జూలైలో విలువపై నూటికి ఏడున్నర రూపాయలకు పెరిగినది. దీనిని మొదటనే లెక్కలో వేసికొనక, చివరి వారములో వడ్డీకి పరుగెత్తువారు అనేకులు. గోపురము కట్టగోరి ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనువానిగూర్చి ప్రభువు చెప్పినది (లూకా 14:28) ఇంటి అప్పు వ్రాయించుకొనువారికి బాగుగా వర్తించును.

తెరచిన పత్రము వంటిది నేటి ఈ.సి. ఆ ఆస్తిపై రిజిస్టరైన అమ్మకములు, తనఖాలు అందులో కనబడును. అయితే కోర్టు తగవులు, రిజిస్టరు కాని ఒప్పందములు అందులో కనబడవు. అందుచేత పాత లింకు డాక్యుమెంట్లన్నిటిని వరుసగా చూపి, ఆ ప్రాంతపు న్యాయవాది యొకనిచేత చదివించుకొనవలెను. దీనికగు రుసుమును చూచి వెనుదీయువారు బయానాగా లక్షలు ఇచ్చుటకు మాత్రము వెనుదీయరు; ఇది నాకు ఎన్నడును అర్థము కాని సంగతి.

ఇక పెద్ద అంబర్‌పేట్‌లో క్రొత్త ప్లాటు మేలా, దిల్‌సుఖ్‌నగర్, వనస్థలిపురము వంటి పాత కాలనీలో పాత ఇల్లు మేలా అని అడుగుదురు. ప్లాటు వెల తక్కువ. పాత కాలనీలో అదే సొమ్ముకు చిన్న ఫ్లాటు మాత్రమే రావచ్చును. ఎల్.బి.నగరుకు 2018 సెప్టెంబరులో మెట్రో రైలు వచ్చినది గదా, ఆ సౌకర్యమునకును వెల యుండును. పల్లెవారు ఇచ్చట కొలతనుకూడ గమనింపవలెను. మన గుంట 121 చదరపు గజములు. రెండువందల గజముల ప్లాటు రెండు గుంటలైనను కాదు. ఫ్లాటు కొన్నచో ఆ నేలలో విడదీయని వాటా ఎన్ని గజములో పత్రములో వ్రాయించుకొనవలెను. గోడలు పాతబడిన దినమున విలువగలది ఆ వాటాయే.

అయినను నా తలంపు పాత కాలనీ వైపే మొగ్గును. అబ్రాహాము మక్పేలా గుహను కొన్నప్పుడు (ఆది. 23) బేరము ఊరి గవిని యొద్ద, ఆ ఊరివారందరు వినుచుండగా జరిగెను. పొలము, గుహ, చుట్టునున్న చెట్లు సహితము చెప్పబడెను. పాత కాలనీలో అట్టి గవిని నేటికిని ఉన్నది: వీధి మూలనున్న కిరాణా కొట్టు, ఇస్త్రీ బండి, ముప్పది యేండ్లుగా అదే యింట నున్న ముసలి దంపతులు. వేసవిలో నల్లా నీళ్లు ఎన్ని దినములకొకసారి వచ్చును, బోరు ఎండునా, ట్యాంకరు తెప్పించుకొందురా, మోరీ ఎచ్చట పొంగును అను సంగతులు ఏ పత్రములోను ఉండవు, వారికే తెలియును. 2020 అక్టోబరు 13న కురిసిన వానకు ఘట్‌కేసర్ ప్రాంతమున ఒక్క దినములో ముప్పది సెంటీమీటర్లకు మించి పడెను, సరూర్‌నగర్, ఎల్.బి.నగర్ వైపు అనేక కాలనీలలో నీరు ఇండ్లలోనికి వచ్చెను. ఆ రాత్రి నీరు ఎంతవరకు వచ్చినదని అడుగుడి. గోడపై చేయి పెట్టి చూపువారు అచ్చట నున్నారు. క్రొత్త వెంచరులో రంగు రాళ్లు తప్ప చెప్పువారెవరు? అందుచేత క్రొత్త చోట కొనువారు వానకాలములో పోయి చూడవలెను. ప్రక్క ఊరి రైతును, ఇది పూర్వము చెరువు శిఖమా అని అడుగవలెను. పది హెక్టారులు, అంతకు మించిన చెరువునకు పూర్తి నీటిమట్టము దాటి ముప్పది మీటర్ల వరకు కట్టడము కూడదని నియమము. 2024 జూలైలో హైడ్రా అను సంస్థ ఏర్పడిన తరువాత చెరువు భూములలో కట్టిన ఇండ్లు కూలిన సంగతి మీరు వినియేయుందురు. అయిదువందల చదరపు మీటర్లకు మించిన లేఔటునకు రెరా నమోదు సంఖ్య యుండవలెను. అనుమతిలేని లేఔట్ల ప్లాట్ల రిజిస్ట్రేషనును 2020 ఆగస్టులో ప్రభుత్వము ఆపినప్పుడు, చౌకగా కొన్నామని సంతోషించినవారే చిక్కుకొనిరి.

మరియొక సంగతి మన సంఘములకు మిక్కిలి దగ్గరిది. పేదలకు ప్రభుత్వమిచ్చిన అసైన్డు భూమిని అమ్ముటయు కొనుటయు 1977 నాటి చట్టము నిషేధించుచున్నది. మన తాతలలో ఎందరికో అట్టి భూమియే దొరికెను. పట్టణము ప్రక్కనున్న అట్టి భూమిని ప్లాట్లుగా చేసి చౌకగా ఇచ్చెదమన్నప్పుడు, అది మరియొక నాబోతు ద్రాక్షతోటయై యుండవచ్చును (1 రాజులు 21). అహాబు వెల ఇచ్చెదనని చెప్పెను గదా. వెల ఇచ్చినంత మాత్రమున ఆ కొనుగోలు న్యాయము కాలేదు.

అమ్మబోవు ఎకరము మాట ఇక చూతము. లేవీయకాండములో ఒక వింత భేదమున్నది. ప్రాకారముగల పట్టణములో ఇల్లు అమ్మినవాడు ఏడాదిలోగా విడిపించుకొనవలెను. ఆ గడువు దాటినచో అది కొన్నవానిదే, సునాదకాలమునను తిరిగి రాదు. ప్రాకారము లేని పల్లెలోని ఇల్లు మాత్రము పొలముతో సమానముగా ఎంచబడెను, దానికి విడుదల కలదు. పట్టణపు ఇల్లు సరకు వంటిది, పల్లె నేల కుటుంబము యొక్క ఆధారము అని ధర్మశాస్త్రము ఎరిగియుండెను. నేడు మనకు సునాద సంవత్సరము లేదు. ఎకరము పోయినచో పోయినదే. తండ్రికి దానిపై ఏటేట వచ్చు గింజలు, ముసలితనమున ఎవరి చేతి క్రిందను ఉండని ధైర్యము, ఇవి గజముల లెక్కలోనికి రావు. అమ్మక తప్పనప్పుడు కొంత నేలయైనను తల్లిదండ్రుల పేర మిగుల్చుట, లేక క్రొత్త యింటి పత్రములో వారి పేరును చేర్చుట న్యాయము. నగరములో కోడలు ఏమనునో అని వెరచి ఈ మాట ఎత్తని తండ్రులున్నారు. సంతకమునకు ముందే ఎత్తవలెను.

పేరు మాట వచ్చినది గనుక సెలోపెహాదు కుమార్తెలను జ్ఞాపకము చేసికొందము (సంఖ్యా. 27). క్రైస్తవులకు వర్తించు 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము, వీలునామా వ్రాయక భర్త చనిపోయినచో భార్యకు మూడవ వంతు, మిగిలినది బిడ్డలందరికి సమభాగములు. కొడుకని, కూతురని భేదము లేదు. హిందూ కుటుంబములలోను 2005 సవరణతో కుమార్తెలకు సమాన హక్కు కలిగెను. పాత కాలనీలలో అమ్మకమునకు వచ్చు ఇండ్లు అనేకము తండ్రి పోయిన తరువాత బిడ్డలు అమ్మునవే. అన్నదమ్ములు ముగ్గురు కూర్చుండి బేరము ముగించి బయానా అడిగినప్పుడు, మీకు అక్కచెల్లెండ్రున్నారా అని అడుగుడి. ఉన్నచో, ఆమె అమెరికాలో నున్నను అత్తవారింట నున్నను, ఆమె సంతకము పత్రముపై పడువరకు సొమ్ము మీ యొద్దనే యుండనీయుడి.